తమ్ముడి గంజాయి కేసు, 64ఏ సెక్షన్, గవర్నమెంట్ ఆస్పత్రి – నా అనుభవం

ఇది రాయమని మా తమ్ముడే అన్నాడు, పేరు రాయొద్దు అక్కా మిగతాదంతా రాసెయ్ అన్నాడు, అందుకే రాస్తున్నా. ఇంట్లో కుర్రాడు గంజాయికి అలవాటుపడి చిన్న పొట్లంతో పోలీసులకి దొరికితే ఆ రోజు ఇంట్లోవాళ్ళకి ఏమీ తోచదు, జైలు, పరువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ ఒకేసారి బుర్రలోకి వస్తాయి. ఆ టైంలో ఎవరో ఒకరు చెప్పాల్సిన మాట ఒకటుంది. మన దేశంలో డ్రగ్స్ కేసులు నడిచేది ఎన్‌డీపీఎస్ చట్టం 1985 కింద. అందులోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. వ్యసనంలో ఉన్న మనిషి వాడినందుకో, తక్కువ మోతాదు దగ్గర పెట్టుకున్నందుకో కేసులో పడినప్పుడు, తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో ట్రీట్‌మెంట్‌కి ముందుకొచ్చి అది తీసుకుంటే, ఆ కేసులో అతన్ని ప్రాసిక్యూట్ చెయ్యకూడదని దాని అర్థం. మాకు ఈ సంగతి స్టేషన్లో ఎవరూ చెప్పలేదు, చుట్టాల్లో చదువుకున్నవాళ్ళకీ తెలీదు, చాలా తిరిగాక ఒక లాయర్ గారి నోట విన్నాం. ఇంకొకళ్ళు అంత తిరక్కూడదని ఇదంతా రాస్తున్నా.

మాది వైజాగ్. ఇక్కడ పెరిగిన ఎవరికైనా గంజాయి మాట కొత్త కాదు, పైన ఏజెన్సీలో పండుతుంది, కింద నుంచి రోడ్డు మీద రైల్లో బయటి రాష్ట్రాలకి పోతుంది, పేపర్లో రోజూ చదువుతూనే ఉంటాం. 2021 లో ఆపరేషన్ పరివర్తన అని పెట్టి ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల దాకా ఒకేచోట తగలబెట్టారు, ఆ పొగ ఫొటోలు నాకింకా గుర్తే. అదంతా చదివినప్పుడు ఎక్కడో అడవిలో సంగతి అనుకునేవాళ్ళం. అప్పటికే తమ్ముడు ఇంజనీరింగ్ హాస్టల్లో మొదలుపెట్టేశాడని మాకేం తెలుసు. వాడు గొడవ చేసే రకం కాదు, నెమ్మదిగా తిండి తగ్గింది, రాత్రిళ్ళు మేలుకోవడం, పగలు నిద్ర, బ్యాక్‌లాగ్స్ పెరగడం, అమ్మ డబ్బులెందుకు అంటే చాలు అరుపులు. నాన్న లేరు, అమ్మ చిన్న ఉద్యోగం చేస్తుంది, నాకు పెళ్ళయ్యి ఇదే ఊళ్ళో వేరే ఇంట్లో ఉంటున్నా. అడిగితే ప్రాజెక్ట్ టెన్షన్ అనేవాడు.

ఒక సాయంత్రం గ్రౌండ్ దగ్గర ఇంకో ఇద్దరితో ఉండగా పట్టుకున్నారు. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే అమ్మా నేనూ మా ఆయనా వెళ్ళాం. అప్పటికే మధ్యవర్తుల ముందు తూకం వేసి పంచనామా రాసేశారు, పొట్లానికి సీలు వేశారు, ఒంటి మీద వెతికేముందు గెజిటెడ్ ఆఫీసర్ ముందు కావాలా అని అడిగినట్టు ఒక కాగితం మీద తమ్ముడి సంతకం ఉంది, అది 50 వ సెక్షన్ కింద తప్పనిసరిగా అడగాల్సిందట. తమ్ముడు మాత్రం ఏ కాగితం మీద ఏముందో నాకు తెలీదక్కా, భయంలో పెట్టేశా అన్నాడు. అమ్మ ఒకటే మాట, పదేళ్ళు వేస్తారా బాబూ అని ఎస్సై గారిని పట్టుకుని ఏడుస్తోంది, టీవీలో అలాగే విన్నది మరి.

ఇక్కడ ఒక విషయం అందరికీ తెలియాలి. 2001 లో చట్టం మార్చినప్పటి నుంచీ శిక్ష అనేది దొరికిన మోతాదుని బట్టి ఉంటుంది. గంజాయి అయితే కిలో లోపు తక్కువ మోతాదు, దానికి గరిష్ఠంగా ఏడాది జైలు లేదా 10 వేల దాకా జరిమానా లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల దాకా అయితే పదేళ్ళ దాకా పడొచ్చు, జరిమానా లక్ష దాకా. 20 కిలోలు దాటితే కమర్షియల్ అంటారు, అప్పుడు పదేళ్ళకి తగ్గకుండా ఇరవయ్యేళ్ళ దాకా జైలు, లక్షకి తగ్గకుండా జరిమానా, బెయిల్ కూడా 37 వ సెక్షన్ వల్ల చాలా కష్టం. మిగతా మత్తుమందులకి లెక్క వేరే, హెరాయిన్‌కి తక్కువ మోతాదంటే 5 గ్రాములే, ఎండీఎంఏ అనే బిళ్ళల మందుకి అర గ్రాము. గంజాయి కిలో లెక్క విని అదీ అంతేలే అనుకునే పిల్లలున్నారు కాబట్టి చెప్తున్నా, పార్టీల్లో ఇచ్చే ఆ బిళ్ళలు నాలుగైదు జేబులో ఉంటే ఏ లెక్కలో పడతారో వాళ్ళకి తెలీదు. మా వాడి దగ్గర దొరికింది గ్రాముల్లోనే.

ఆ రాత్రి నోటీసు ఇచ్చి మా పూచీ మీద పంపేశారు, ఏడేళ్ళ లోపు శిక్షపడే కేసుల్లో ఇచ్చే నోటీసు అది, ఇదివరకు 41ఏ అనేవాళ్ళు ఇప్పుడు కొత్త చట్టంలో 35(3) అంటున్నారు. పిలిచినప్పుడల్లా రావాలి, సాక్షుల జోలికి వెళ్ళకూడదు, ఇలాంటివి రాసుంటాయి. బయటికొస్తుంటే ఒక పెద్ద వయసు హెడ్ కానిస్టేబుల్ గారు వెనకే వచ్చి, అమ్మా కేసు సంగతి తర్వాత, ముందు కుర్రోణ్ణి డాక్టరుకి చూపించండి, చేతులు చూశారా ఎలా వణుకుతున్నాయో అన్నారు. ఆయన పేరు నాకు తెలీదు గానీ ఆ స్టేషన్లో మా వాణ్ణి జబ్బు మనిషిగా చూసింది ఆయనొక్కరే. అయినా 64ఏ మాట ఆయనా చెప్పలేదు, బహుశా ఆయనకీ ఎవరూ చెప్పి ఉండరు.

మర్నాటి నుంచి ఇంటికి సలహాలు మొదలయ్యాయి. పెద్దమ్మ కొడుకు ఒక ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్ గురించి చెప్పాడు, ఫోన్ చేస్తే వాళ్ళే వ్యాన్ వేసుకుని రాత్రిపూట వచ్చి తీసుకెళ్ళిపోతారు, మూడు నెలలు ఎవర్నీ కలవనివ్వరు, మనిషి మారిపోయి వస్తాడు అని. అమ్మ ఒప్పేసుకుంది, పాపం తనకి ఇంట్లోంచి ఆ సమస్య కొన్నాళ్ళు కనిపించకుండా పోతే చాలన్నట్టుంది అప్పుడు. నేను ముందు చూసొస్తానని వెళ్ళా. ఊరి బయట మేడ, కిటికీలన్నిటికీ గ్రిల్స్, గేటుకి తాళం, లోపల గుండు చేయించిన కుర్రాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు, ఒక్కడూ తలెత్తడు. డాక్టర్ గారు ఎప్పుడొస్తారండీ అంటే అవసరమైతే పిలుస్తాం అన్నారు. రిజిస్ట్రేషన్ ఉందా అంటే ఉంది ఆఫీసులో ఉంది తర్వాత చూపిస్తాం అన్నారు. డబ్బు మాత్రం మొత్తం ముందే కట్టాలట. మాట వినకపోతే ఏం చేస్తారు అనడిగితే దారిలో పెడతాం మేడమ్ మీరు వర్రీ అవ్వకండి అన్నాడు అక్కడి మేనేజరు. ఆ మాట చాలు నాకు, వెనక్కి వచ్చేశా.

తర్వాత చదివితే తెలిసింది, మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017 లో మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే సమస్యలు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి, కాబట్టి ఇలాంటి సెంటర్ నడపాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, మనిషిని గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం, పేషెంటుకి బయటివాళ్ళతో ఫోన్లో మాట్లాడే హక్కు, ఇంట్లోవాళ్ళని కలిసే హక్కు, తన విషయం గోప్యంగా ఉంచమనే హక్కు అన్నీ ఉన్నాయి. కొట్టి మాన్పించడం అనేది వైద్యం కాదు, ఏ చట్టంలోనూ లేదు. కన్నవాళ్ళ భయాన్ని పట్టుకుని డబ్బు చేసుకునేవాళ్ళని తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

మా ఆయన ఫోన్లో వెతికి 14446 అని టోల్‌ఫ్రీ నంబరు పట్టుకున్నారు, కేంద్ర ప్రభుత్వానిదే, డీ అడిక్షన్ హెల్ప్‌లైన్. చేస్తే ఎత్తారు, ముందు పేరు కూడా అడగలేదు, ఏం వాడుతున్నాడు ఎన్నాళ్ళ నుంచి ఇప్పుడెలా ఉన్నాడు అని అడిగి మా దగ్గర్లో ఏమేం ఉన్నాయో చెప్పారు. ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఒకటి, ఇంకోటి సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే రీహాబ్ సెంటర్లు, వాటిని ఐఆర్‌సీఏ అంటారు, అక్కడ ఉచితంగానే చేర్చుకుంటారు. 2020 ఆగస్టు 15 న నశా ముక్త్ భారత్ అభియాన్ అని 272 జిల్లాలతో మొదలుపెట్టారు కదా, ఈ హెల్ప్‌లైనూ రీహాబ్ సెంటర్లూ ఆ సామాజిక న్యాయ శాఖ కిందివే. ర్యాలీలు, ప్రతిజ్ఞలు, బ్యానర్లు చూశాంగానీ దాని వెనకాల ఇలా ఒక మనిషి ఫోన్ ఎత్తి మాట్లాడతారని నాకప్పటిదాకా తెలీదు.

గవర్నమెంట్ ఆస్పత్రికి వెళ్ళాం. ఓపీ చీటీ రాయించుకుని లైన్లో కూర్చున్నాం, తమ్ముడు మాస్క్ పెట్టుకుని తల దించుకునే ఉన్నాడు. డాక్టర్ గారు, ఆవిడ వయసులో నాకంటే చిన్నే అనుకుంటా, మమ్మల్ని బయటికి పంపేసి వాడితో చాలాసేపు మాట్లాడారు. తర్వాత మమ్మల్ని పిలిచి చెప్పిన మొదటి మాట, గంజాయి ఒక్కటే కాదండీ, నిద్ర మాత్రలు కూడా వాడుతున్నాడు అని. నైట్రజిపామ్ మాత్రలట, ఫ్రెండ్స్ ఎక్కడో తెచ్చేవారట. అమ్మ వెంటనే ఈ క్షణం నుంచి అన్నీ బంద్ అంది. డాక్టర్ గారు కంగారుగా వద్దమ్మా అన్నారు, ఈ మాత్రలు రోజూ వాడే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి కూడా రావొచ్చు, మేం వేరే మందుతో మొదలుపెట్టి రోజులు గడిచేకొద్దీ డోస్ తగ్గించుకుంటూ వస్తాం, అందుకే కొన్నాళ్ళు అడ్మిట్ చేస్తే మంచిది అన్నారు. నాకు ఆ ప్రైవేటు సెంటర్ గుర్తొచ్చి కాళ్ళు చల్లబడిపోయాయి. డాక్టరే లేని ఆ తాళం వేసిన గదిలో వీడికి ఫిట్స్ వచ్చి ఉంటే ఎవరు చూస్తారు.

అడ్మిషన్ కాగితం మీద మమ్మల్ని కాదు తమ్ముణ్ణే సంతకం పెట్టమన్నారు, నువ్వు పెద్దవాడివి, నీ ఇష్టంతోనే చేరాలి అని. నువ్వు అంటూనే అయినా వాడికి అంత మర్యాద ఇచ్చి ఎవరూ మాట్లాడి చాలా రోజులైనట్టుంది, పెన్ను పట్టుకుని కాసేపు అలా ఉండిపోయి పెట్టాడు. అప్పుడు మాకు తెలీదు గానీ ఆ సంతకమే తర్వాత కోర్టులో పనికొచ్చింది, తనంతట తాను ముందుకొచ్చాడు అనడానికి రుజువు అదే కదా.

వార్డులో మొదటి వారం బాగా కష్టమైంది. నిద్ర పట్టదు, పడితే పీడకలలు, చెమటలు, తిండి సయించదు, చిన్నదానికీ చిరాకు, నన్ను ఇంటికి తీసుకెళ్ళిపోండి అని ఒకరోజు అమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. గంజాయి మానినప్పుడు ఇవన్నీ సహజమేనట, మొదటి వారంలో ఎక్కువ ఉండి మెల్లగా తగ్గుతాయట, దానికంటూ ప్రత్యేకంగా మందేమీ లేదు, నిద్రకీ ఆందోళనకీ చూసుకుంటూ కౌన్సెలింగ్ మీదే నడవాలి. పక్క బెడ్ కుర్రాడిది ఇంకో కథ, ఇంజెక్షన్లు చేసుకునేవాడు, వాడికి బ్యూప్రెనార్ఫిన్ అని నాలుక కింద మాత్ర నర్సు ఎదురుగా పెట్టేవారు. వాళ్ళమ్మ ఒకరోజు ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడుతున్నారు అని గొడవ పెట్టుకుంది. డాక్టర్ గారు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు, హెరాయిన్ లాంటివి వాడినవాళ్ళు పూర్తిగా ఆపేసి ఇంటికెళ్ళాక మళ్ళీ పాత డోసే తీసుకుంటే ఒళ్ళు తట్టుకోలేదు, చాలామంది చనిపోయేది అప్పుడే, ఈ మాత్ర ఇస్తూ ఉంటే సూది అవసరం ఉండదు, హెచ్‌ఐవీ భయం తగ్గుతుంది, పనికి వెళ్ళగలడు అని. షుగర్‌కి రోజూ మాత్ర వేసుకుంటే తప్పు లేనిది దీనికెందుకమ్మా అన్నారు. ఆవిడ ఆ రోజు ఒప్పుకోలేదు, కానీ కొడుకుని తీసుకెళ్ళిపోలేదు.

సోషల్ వర్కర్ మేడమ్ మాతో విడిగా కూర్చున్నారు. జేబులు వెతకడం, ఫోన్ లాక్కోవడం, ప్రతి పూటా ప్రమాణాలు చేయించుకోవడం మానండి, బదులుగా రోజూ ఒకే టైంకి తినడం, పడుకోవడం, ఒక పనేదో పెట్టుకోవడం అలవాటు చెయ్యండి, ఎవరితో ఉంటే మళ్ళీ తాగాలనిపిస్తుందో వాడే లిస్టు రాసుకుంటాడు, ఆ లిస్టు మీకు చూపించకపోయినా ఫర్వాలేదు అన్నారు. అమ్మకి అది మింగుడుపడలేదు. తెలుసుకోకపోతే ఎలా కాపాడుకోను అంది. నిజమే, నాకూ అనిపించింది. కానీ వాడు మాతో అబద్ధాలు ఆడటం తగ్గింది మాత్రం మేం అడగడం తగ్గించాకే.

ఇంక కేసు. ఛార్జిషీటు వేస్తారు, కోర్టుకి రమ్మంటారు అని భయంగానే ఉంది, లాయర్‌కి ఇవ్వడానికి డబ్బుల్లేవు, ఆస్పత్రిలోనే ఒకాయన జిల్లా న్యాయసేవా సంస్థకి వెళ్ళండి అన్నారు, 15100 కి ఫోన్ చేసినా చెప్తారు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి ఉచితంగా లాయర్ని ఇస్తారు, డ్రగ్స్ బాధితుల కోసమని జాతీయ న్యాయసేవా సంస్థ 2015 లోనే ప్రత్యేకంగా ఒక స్కీం కూడా పెట్టింది. మాకు ఇచ్చిన లాయర్ గారు ఫైలు చూసి మొదట అడిగిన ప్రశ్న, ట్రీట్‌మెంట్ ఎక్కడ తీసుకుంటున్నాడు అని. గవర్నమెంట్ ఆస్పత్రి సార్ అన్నాను. హమ్మయ్య, అయితే 64ఏ వేద్దాం అన్నారు. అప్పుడు విన్నాం ఆ మాట మొదటిసారి.

ఆయన విడమరిచి చెప్పారు. ఈ రక్షణ వ్యసనపరుడికే, అమ్ముకునేవాడికి కాదు, వాడకం నేరం అయిన 27 వ సెక్షన్‌కీ తక్కువ మోతాదు కేసులకీ వర్తిస్తుంది. చికిత్స ప్రభుత్వ ఆస్పత్రిలోనో, గుర్తింపు ఉన్నచోటో ఉండాలి. పూర్తిగా తీసుకోవాలి, మధ్యలో వదిలేస్తే ఇచ్చిన మినహాయింపు వెనక్కి తీసుకోవచ్చు. ఒకవేళ దోషి అని తేలాక అయినా 39 వ సెక్షన్ కింద కోర్టు జైలుకి బదులు చికిత్సకి పంపొచ్చు, కానీ అక్కడిదాకా ఎందుకు వెళ్ళడం, ముందే ఇది వేద్దాం అన్నారు. నేను ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించా. ఆ రాత్రి వ్యాన్‌లో ప్రైవేటు సెంటర్‌కి పంపేసి ఉంటే ఉన్న డబ్బంతా పోయేది, పైగా గుర్తింపు లేని చోటు కాగితం కోర్టులో దేనికీ పనికిరాదు. ఏ ఆస్పత్రి అనేదాని మీద కుర్రాడి కేసు భవిష్యత్తు ఆధారపడి ఉన్నప్పుడు ఆ సంగతి మొదటి రోజే నోటీసుతో పాటు చేతిలో పెట్టాలా వద్దా చెప్పండి. ఒక్క పేరా చాలు, తెలుగులో. ప్రతి స్టేషన్లో డ్రగ్స్ వద్దు అని పోస్టర్ ఉంది, దాని కిందే రెండు లైన్లు రాస్తే ఎన్ని కుటుంబాలు దారి తప్పకుండా ఉంటాయి.

పిటిషన్‌కి డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటీ చాలదన్నారు, వ్యసనం ఉందని డయాగ్నోసిస్, చేరిన తేదీ, ఇచ్చిన చికిత్స, ఇంకా ఫాలో అప్‌లో ఉన్నాడు అని డాక్టర్ సంతకంతో సర్టిఫికెట్ కావాలి. దాని కోసం మెడికల్ రికార్డ్స్ సెక్షన్ చుట్టూ తిరిగాం, సూపరింటెండెంట్ గారి సంతకానికి ఒకచోట, ముద్రకి ఇంకోచోట, కోర్టు నుంచి లెటర్ తెమ్మని ఒకరు, అక్కర్లేదని ఒకరు. ఎవరి మీదా కోపం లేదు, ఆ సర్టిఫికెట్ ఎలా ఉండాలో వాళ్ళకీ ఎవరూ నమూనా ఇవ్వలేదు. పై నుంచి చూసినా అంతే, ఈ చట్టం చూసేది ఆర్థిక శాఖలో రెవెన్యూ వాళ్ళు, నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో హోం శాఖ కింద, రీహాబ్ సెంటర్లు సామాజిక న్యాయ శాఖ కింద, ఆస్పత్రులు ఆరోగ్య శాఖ కింద, రాష్ట్రంలో పట్టుకునేది పోలీసులూ, డ్రగ్స్ కేసుల కోసమే పెట్టిన ఈగల్ టీమూ. ఎవరి పని వాళ్ళు చేస్తున్నారు, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి కాగితం మోసేది మాత్రం ఇంట్లోవాళ్ళే.

కోర్టులో ప్రాసిక్యూటర్ గారు అభ్యంతరం చెప్పారు, కేసు పెట్టింది దగ్గర ఉంచుకున్నందుకు, వాడినందుకు కాదు, వ్యసనపరుడు అని ఇప్పుడు చెప్తున్నారు అని. మా లాయర్ గారు సెక్షన్ చదివి తక్కువ మోతాదు నేరాలకీ వర్తిస్తుంది సార్ అని చూపించారు, ఓపీ చీటీ తేదీ చూపించారు. మేజిస్ట్రేట్ గారు వాయిదాలు ఇచ్చారు, చివరికి తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి నువ్వే చెప్పు, ట్రీట్‌మెంట్ ఎవరి బలవంతమైనా ఉందా అని అడిగారు. లేదు సార్, నాకే మానాలనుంది అన్నాడు. ఫాలో అప్ రిపోర్టులు కోర్టుకి ఇస్తూ ఉండాలన్న షరతుతో పిటిషన్ అనుమతించారు.

అదే వరండాలో ఇంకో కుర్రాణ్ణి చూశాం. తమ్ముడి వయసే ఉంటుంది, ఇద్దరు ఎస్కార్ట్ పోలీసులతో వచ్చాడు, బస్సులో బ్యాగు దింపి పెడితే డబ్బులిస్తామంటే తీసుకెళ్ళాడట, బ్యాగులో 20 కిలోలు దాటి ఉంది. బ్యాగు ఎవరిదో వాళ్ళు దొరకలేదు. వాళ్ళ నాన్న గిరిజనుడిలా ఉన్నాడు, చెప్పులు లేవు, ఎవర్ని అడగాలో తెలీక అందరికీ దణ్ణం పెడుతున్నాడు. తాగే పిల్లాడికి 64ఏ ఉంది, మోసే పిల్లాడికి పదేళ్ళకి తగ్గని జైలు, పంపించినవాడు ఎక్కడో ఉన్నాడు. మన పోలీసులు పట్టుకుంటున్నారు, నిజమే, పట్టుకోవాలి కూడా, కానీ పంపినవాడి దాకా కేసు వెళ్ళకపోతే ఆ నాన్నలాంటివాళ్ళే కోర్టు వరండాలో నిండిపోతారు. కాలేజీల్లో అవగాహన సదస్సు పెట్టినప్పుడు ఊపిరితిత్తుల బొమ్మలతో పాటు ఈ 20 కిలోల లెక్క కూడా చెప్పండి, బ్యాగులో ఏముందో నాకు తెలీదు అన్నది నిరూపించుకోవాల్సింది కూడా మోసినవాడే అని చెప్పండి.

మధ్యలో ఒకసారి తమ్ముడు జారాడు. ఫ్రెండ్ పెళ్ళికి వెళ్ళి అక్కడ గంజాయి తాగాడు. మాకు చెప్పలేదు, ఫాలో అప్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్ గారికి తనే చెప్పేశాడు. అమ్మ అయిపోయింది, కోర్టు మినహాయింపు పోయింది అని కూలబడిపోయింది. డాక్టర్ గారు రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే రాశారు, మళ్ళీ వాడాడు, తనే వచ్చి చెప్పాడు, చికిత్స కొనసాగుతోంది అని. ఈ జబ్బులో ఇలా జరగడం మామూలే, మానేసి పారిపోవడం వేరు ఇది వేరు అన్నారు. కోర్టులో కూడా దాని మీద గొడవేం రాలేదు. ఈ ఒక్క తేడా అర్థం చేసుకునే ఆఫీసర్లు ప్రతిచోటా ఉండాలని నా కోరిక, లేకపోతే పిల్లలు నిజం చెప్పడం మానేస్తారు, అప్పుడు ఏ పాలసీ ఏం చెయ్యగలదు. 2019 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన జాతీయ సర్వేలో 10 నుంచి 75 ఏళ్ళ వయసువాళ్ళలో గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్ళు 2.8 శాతం, అంటే దాదాపు 3 కోట్ల మంది అని తేలింది. అంతమందిని జైల్లో పెట్టలేం కదా. పోర్చుగల్‌లో 2001 నుంచి పది రోజుల సొంత వాడకానికి సరిపడేంత లోపు డ్రగ్స్ దొరికితే క్రిమినల్ కోర్టుకి కాకుండా ఒక కమిటీ ముందుకి పంపుతారు, అందులో వైద్యం, సామాజిక సేవ తెలిసినవాళ్ళు ఉంటారు. మన దగ్గర అంత మార్పు వచ్చినా రాకపోయినా ఉన్న 64ఏ ని అడిగినవాడికే కాకుండా అడగడం తెలియనివాడికి కూడా అందేలా చేస్తే చాలు ప్రస్తుతానికి.

ఇప్పుడు తమ్ముడు బ్యాక్‌లాగ్స్ రాస్తున్నాడు, పొద్దున్న ఒక షాపులో బిల్లింగ్ పని చేస్తున్నాడు, ఫాలో అప్‌కి నన్ను రావద్దని ఒక్కడే వెళ్తున్నాడు. మీ ఇంట్లో ఇలాంటిది వస్తే ముందు మనిషిని ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళండి, కేసు ఉన్నా లేకపోయినా. 14446 చికిత్స కోసం, 15100 లాయర్ కోసం, అమ్మేవాళ్ళ గురించి చెప్పాలంటే ఆంధ్రాలో 1972. ప్రైవేటు చోటికి వెళ్ళాల్సి వస్తే రిజిస్ట్రేషన్ కాగితం కళ్ళతో చూశాకే డబ్బు కట్టండి. స్టేషన్లో ఇచ్చిన నోటీసు, ఎఫ్ఐఆర్ కాపీ, ఆస్పత్రిలో మొదటి రోజు రాయించుకున్న ఓపీ చీటీ, అడ్మిషన్ ఫారం కాపీ అన్నీ ఒక ఫైల్లో పెట్టండి, నలిగిపోయిందని ఓపీ చీటీ పారెయ్యకండి, మా పిటిషన్‌కి లాయర్ గారు అన్నిటికంటే ముందు జతచేసింది దాన్నే.